మామిడి స్క్వాష్ గుమ్మడికాయ అయిపోయింది: తిండి మాటలు స్పానిష్‌లో ఎలా రాయాలి?

తవణంపల్లె_తోట
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు పక్కన చిన్న యూనిట్. సీజన్లో తోతాపురి గుజ్జు తీస్తాం. మిగతా రోజుల్లో తాండ్ర, జామ్, స్క్వాష్, ఊరగాయలు, బెల్లం, చెనిక్కాయ (వేరుశనగ) ఉండలు. మొన్న ఒక ఎగుమతి ఏజెంటు ద్వారా ఎంక్వయిరీ వచ్చింది. సరుకుల పట్టిక స్పానిష్‌లో కావాలంట. మా బామ్మర్ది ఫోన్లో ఇంగ్లీషు పట్టిక వేసి అయిదు నిమిషాల్లో స్పానిష్ తీసిచ్చాడు. నాకు అనుమానమొచ్చి దాన్నే మళ్ళీ తెలుగులోకి తిప్పి చూశా. మామిడి స్క్వాష్ "మామిడి గుమ్మడికాయ" అయింది. హాట్ మ్యాంగో పికిల్ "వేడి మామిడి బుడ్డ దోసకాయలు" అయింది.

ఇది పంపితే మన పరువు ఏమయ్యేది? పల్ప్, ప్యూరీ, జ్యూస్, నెక్టార్, స్క్వాష్ ఒక గుంపు. జామ్, జెల్లీ, మార్మలేడ్ ఇంకొకటి. పికిల్, చట్నీ, సాస్ మరొకటి. ఇంగ్లీషులోనే నాకు ఇవి కలిసిపోతాయి. స్పానిష్‌లో ఎలా విడదీస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి.

సంగటిముద్ద
వేడి మామిడి బుడ్డ దోసకాయలు నాకు ఒక డజను పంపన్నా. సంగట్లోకి నంజుకుంటా.

మెక్సికో_మదనపల్లె
తవణంపల్లె అన్నా, నేను మెక్సికో వచ్చి ఆరేళ్ళయింది. మాది మదనపల్లె. స్పానిష్ అక్షరాలు ఇక్కడ సరిగా పడటం లేదు కాబట్టి ఉచ్చారణ తెలుగులో రాస్తున్నా. స్పెల్లింగులు మీకు విడిగా మెసేజ్ పెడతా.

స్క్వాష్ అనే ఒకే మాట తాగేదానికీ గుమ్మడి జాతి కాయలకీ ఉంది. మీ యాప్ "కలబాసా" పట్టుకుంది, అంటే గుమ్మడికాయ. తాగే స్క్వాష్‌కి స్పానిష్‌లో ఒక్క మాట లేదు. "కొన్సెంత్రాదో దె మాంగో" అని రాసి, నీళ్ళు కలిపి తాగాలని కింద వివరించండి. ఇంకో సంగతి, స్పెయిన్‌లో "గుమ్మడికాయలు ఇవ్వడం" అంటే ప్రేమిస్తున్నా అన్నవాణ్ణి వద్దు పొమ్మనడం. మొదటి ఉత్తరంలోనే బయ్యర్‌కి గుమ్మడికాయ ఇచ్చేవాళ్ళు మీరు.

పికిల్‌కి వచ్చిన "పెపినీయో" అంటే వెనిగర్‌లో ఊరిన బుల్లి దోసకాయ. అమెరికాలో ఉత్తగా పికిల్ అంటే అదే కదా, యాప్ కూడా ఆ దారినే పోయింది. "ఎన్‌కుర్తీదో" అనాలి. హాట్‌కి "కలియెంతె" వస్తే కొట్టేయండి, అది వేడి. కారానికి "పికాంతె".

జ్యూస్ అంటే "హూగో".

వలెన్సియా_విజ్జి
అక్కా, ఇక్కడ స్పెయిన్‌లో హూగో అంటే అర్థమవుతుంది గానీ ఎవరూ అనరు. జ్యూస్ డబ్బా మీద "థూమో" అనే ఉంటుంది. అన్నా, ముందు బయ్యర్ ఏ దేశమో చెప్పండి. స్పెయిన్ మాట, మెక్సికో మాట చాలా చోట్ల వేరు. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20.

తవణంపల్లె_తోట
ఏ దేశమో ఏజెంటు ఇంకా చెప్పలేదు విజ్జమ్మా. అడిగితే "స్పానిష్ అంతా ఒకటే కదా సార్" అన్నాడు.

వలెన్సియా_విజ్జి
ఆ మాట ఇక్కడ ఎవరిముందూ అనొద్దని చెప్పండి ఆయనకి.

బ్రిక్స్_మీటర్
నేను చిత్తూరు జిల్లాలోనే ఒక గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తా. పానీయాల గుంపు గురించి చెప్తా, ఎందుకంటే ఇది మాటల తేడా మాత్రమే కాదు, సరుకే తేడా.

పల్ప్ అంటే కాయలోని కండ తీసి, జల్లెడ పట్టి, వేడిచేసి నింపింది. నీళ్ళు కలపం. తోతాపురి గుజ్జు మామూలుగా 14 బ్రిక్స్ (కరిగిన చక్కెర కొలత) పైన ఉండాలంటారు. అందులోంచి నీళ్ళు ఆవిరి చేసి 28 బ్రిక్స్ దాకా తెస్తే కాన్‌సన్‌ట్రేట్. ఫ్యాక్టరీ వ్యవహారంలో పల్ప్, ప్యూరీ రెండూ ఒకదానికే వాడేస్తారు. స్పానిష్‌లో "పుల్పా దె మాంగో" అన్నా "పురే దె మాంగో" అన్నా కొనేవాడికి తెలుస్తుంది. నెక్టార్ అంటే మాత్రం గుజ్జుకి నీళ్ళు, చక్కెర కలిపిన తాగుడు సరుకు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం మామిడి నెక్టార్‌లో పండు కనీసం 25 శాతం ఉండాలి. కాబట్టి గుజ్జు డబ్బా మీద నెక్టార్ అని గానీ, నెక్టార్ సీసా మీద జ్యూస్ అని గానీ పడితే అది అనువాదం తప్పు అని ఎవరూ ఊరుకోరు. సరుకే తప్పు అంటారు, కంటైనర్ ఆపేస్తారు.

ఇంకోటి తోటన్నా. మీ స్క్వాష్‌ని కూడా కొన్సెంత్రాదో అంటే 28 బ్రిక్స్ కాన్‌సన్‌ట్రేట్‌తో కలిసిపోతుంది. మెక్సికో అక్క చెప్పింది తప్పని కాదు, మా ఫీల్డులో ఇబ్బంది.

మెక్సికో_మదనపల్లె
నిజమే సార్, ఒప్పుకుంటున్నా. అయితే "హరాబె" అందాం, అంటే సిరప్. "మామిడి సిరప్, పానీయం కలుపుకోవడానికి" అని రాస్తే గోల ఉండదు.

వలెన్సియా_విజ్జి
పుల్పా రాసేటప్పుడు చివరి అక్షరం చూసుకోండి. పుల్పా గుజ్జు. "పుల్పో" అంటే ఆక్టోపస్! ఇక్కడ హోటళ్ళలో పుల్పో బాగా పోతుంది కూడా. నేను మొదటి నెలలో మెనూ చూసి ఏదో పండు గుజ్జు అనుకుని ఆర్డర్ చేశా. ప్లేట్లో వచ్చింది చూసి హాస్టల్ దాకా నీళ్ళు తాగుతూ వచ్చా.

మెక్సికో_మదనపల్లె
పుల్పా కూడా ఒంటరిగా రాయొద్దు. మాంసం కొట్లో పుల్పా అంటే ఎముక లేని మాంసం ముక్క. "దె మాంగో" ఎప్పుడూ పక్కనే ఉండాలి.

రెండు_ముక్కల్లో
ఈ కాలంలో దీనికి ఇంత చర్చ ఎందుకు? ఏఐని అడిగితే ఒక్క నిమిషంలో వస్తుంది.

బ్రిక్స్_మీటర్
వస్తుంది సార్, కాదనను. "స్క్వాష్" అని ఒంటరి మాట ఇస్తే గుమ్మడికాయ ఇస్తుంది, "నీళ్ళు కలుపుకుని తాగే మామిడి పానకం" అని వాక్యం ఇస్తే సరైనదే ఇస్తుంది. ఇచ్చింది సరైనదా కాదా తెలియాలంటే ఈ చర్చ కావాలి.

రిటైర్డ్_మాష్టారు
తిరుపతిలో 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. స్పానిష్ రాదు. అయినా ఒక మాట చెప్పాలనిపించింది.

ఇంగ్లీషులో రెండు స్క్వాష్‌లకీ చుట్టరికం లేదు. కూరగాయ స్క్వాష్ అమెరికా మూలవాసుల నర్రగాన్సెట్ భాష నుంచి వచ్చింది. తాగే స్క్వాష్ పిండడం, నలపడం అనే క్రియ నుంచి వచ్చింది. రెండు వేరు ఊళ్ళవాళ్ళు ఒకే పేరు పెట్టుకుని ఒకే బస్సులో కూర్చున్నట్టు.

తోట బాబూ, మీ పట్టికలో సగం చిక్కు ఇంగ్లీషుదే. మీరు తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులో రాసి, అక్కడినుంచి స్పానిష్‌కి పోతున్నారు. దామలచెరువు మండీలో రైతుకీ కొనేవాడికీ మధ్య ఉన్న దళారి లాంటిది ఇక్కడ ఇంగ్లీషు. తన కమీషన్ తాను తీసుకుంటోంది. కారం, వేడి మనకు రెండు మాటలు, స్పానిష్‌కీ రెండు మాటలు. మధ్యలో ఇంగ్లీషు "హాట్" అని రెండింటినీ ఒకే గంపలో వేసింది. పెప్పర్ కూడా అంతే, మిరియమూ అదే, బుట్ట మిరపకాయా అదే.

మెక్సికో_మదనపల్లె
మాష్టారూ, మిరియం "పిమియెంతా", బుట్ట మిరప "పిమియెంతో". ఆ, ఓ తేడా అంతే. పుల్పా, పుల్పో లాగే.

మిరపకాయకి మెక్సికోలో "చీలె". దక్షిణ అమెరికాలో చాలా చోట్ల "అహీ". స్పెయిన్‌లో సన్న మిరపకాయని "గిందీయా" అంటారు. కొలంబస్ మిరియాల కోసం బయల్దేరి మిరపకాయ తీసుకుని ఇంటికెళ్ళాడు, అప్పటినుంచీ ఈ గందరగోళం ఉంది.

రిటైర్డ్_మాష్టారు
తమిళంలోనూ అదే జరిగిందమ్మా. మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కొత్త ఘాటుకి పాత ఘాటు పేరే పెట్టుకున్నారు.

సంగటిముద్ద
మాష్టారూ, తెలుగు అంత గొప్పదైతే "పచ్చి మామిడి"లో పచ్చి అంటే ఏంది? పండనిదా, ఉడకనిదా, ఆకుపచ్చదా?

రిటైర్డ్_మాష్టారు
దొరికిపోయాను.

వలెన్సియా_విజ్జి
హహ. స్పానిష్‌లో పండని కాయ "వేర్దె", ఉడకనిది "క్రూదో". అన్న ఇంగ్లీషు పట్టికలో "రా మ్యాంగో" అని ఉంటే యాప్ క్రూదో ఇచ్చి ఉంటుంది. పచ్చి మాంసానికి, పచ్చి చేపకి వాడే మాట అది. "మాంగో వేర్దె" రాయండి.

అన్నట్టు మాంగో అంటే స్పానిష్‌లో పెనం పిడి, కత్తి పిడి కూడా. భయపడకండి, సందర్భం బట్టి తెలిసిపోతుంది.

రిటైర్డ్_మాష్టారు
ఆ మాంగో మన పక్కింటి మాటే. కేరళ తీరంలో పోర్చుగీసువాళ్ళు విన్న మాంగా అది. మలయాళం, తమిళం రెండింట్లోనూ ఉంది. చిత్తూరు సంతలో తమిళ వ్యాపారులు ఇప్పటికీ "మాంగా ఎన్న విలై" అని అడుగుతారు. పోర్చుగీసు మీదుగా యూరప్ అంతా తిరిగి మీ లేబుల్ మీదికి మళ్ళీ వచ్చింది.

తవణంపల్లె_తోట
అందరికీ దండాలు. ఇంత వస్తుందనుకోలా. ఇప్పుడు తీపి గుంపు చెప్పండి. జామ్, జెల్లీ, మార్మలేడ్, తాండ్ర, బెల్లం. బెల్లానికి నేనే వెతికి "పనేలా" అని కనిపెట్టా. కరెక్టేనా?

మెక్సికో_మదనపల్లె
పనేలా వద్దన్నా! ఇక్కడ పనేలా అంటే తెల్లటి పచ్చి జున్ను, పన్నీరు లాంటిది. బెల్లం అని పంపితే ఫ్రిజ్‌లో పెడతారు. మెక్సికోలో బెల్లం "పిలోన్సీయో". అచ్చు కూడా మన అచ్చుబెల్లం లాగే కోసుగా ఉంటుంది. మొదటిసారి సంతలో చూసినప్పుడు ఒకటి కొని బస్సులోనే కొరికేశా.

వలెన్సియా_విజ్జి
స్పెయిన్‌లో పనేలా అనే అమ్ముతారు. ఆరోగ్యం పేరు చెప్పి ఎక్కువ రేటుకి.

మెక్సికో_మదనపల్లె
పెరూ, చిలీ వైపు "చంకాకా". వెనెజులాలో "పపెలోన్". ఒకే చెరుకు రసం, ఊరికో పేరు.

జామ్‌కి "మెర్మెలాదా", అన్ని పండ్లకీ. ఇంగ్లీషులో మార్మలేడ్ అంటే నారింజ జాతికే కదా, స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఆ పట్టింపు లేదు. మామిడి మెర్మెలాదా, స్ట్రాబెర్రీ మెర్మెలాదా, అన్నీ అదే. జెల్లీకి "హలేయా". అయితే పిల్లలు తినే ఊగే జెల్లీ "హెలతీనా". మీది పండు రసంతో చేసిందైతే హలేయా.

వలెన్సియా_విజ్జి
యూరప్ లేబుల్ చట్టంలో జామ్‌కి "కొన్‌ఫితూరా" అనే మాట ఉంది అక్కా. ఇంట్లో ఎవరూ ఆ మాట వాడరు, అందరూ మెర్మెలాదా అనే అంటారు. అన్నది లేబుల్ కాబట్టి చెప్తున్నా.

ఒక ముఖ్యమైనది. చెప్పడానికి మొహమాటంగా ఉంది, కానీ చెప్పకపోతే ఇంకా ఘోరం. మీ డబ్బాల మీద "ప్రిజర్వేటివ్స్ లేవు" అని ఉంటుంది కదా? దాన్ని "ప్రెసెర్వతీవోస్" అని మాత్రం రాయకండి. స్పానిష్‌లో దానర్థం కండోమ్‌లు. స్పెయిన్‌లో "కొన్‌సెర్వాంతెస్" అంటారు.

మెక్సికో_మదనపల్లె
మెక్సికో లేబుళ్ళ మీద "కొన్‌సెర్వదోరెస్" ఉంటుంది.

సంగటిముద్ద
"మా ఆవకాయలో కండోమ్‌లు లేవు." నిజమే కదన్నా, అబద్ధం ఏముంది?

తవణంపల్లె_తోట
మా బామ్మర్ది పట్టిక తీసి చూశా. మూడు చోట్ల అదే మాట ఉంది. వాడికి ఈ చర్చ పంపించా. రెండు గంటలుగా ఫోన్ ఎత్తట్లేదు.

బ్రిక్స్_మీటర్
తాండ్ర సంగతి మర్చిపోయారు. ఇంగ్లీషులో మ్యాంగో బార్ అంటాం. స్పానిష్‌లో బార్ అంటే మందు కొట్టే చోటు కదా?

మెక్సికో_మదనపల్లె
"బార్రా" అంటే కడ్డీలాంటిది, చాక్లెట్ బార్‌కి వాడతారు, తప్పు లేదు. కానీ తాండ్రకి దగ్గరి మాట మెక్సికోలో "ఆతె". పండు గుజ్జు చక్కెరతో దగ్గరగా ఉడికించి బిళ్ళగా కోస్తారు. మనలా పొరలు పొరలుగా ఎండబెట్టరు, మెత్తగా ఉంటుంది. అయినా "ఆతె దె మాంగో" అంటే ఇక్కడివాళ్ళ నోరు ఊరుతుంది.

వలెన్సియా_విజ్జి
స్పెయిన్‌లో సీమ దానిమ్మ పండుతో... కాదు కాదు, క్విన్స్ అనే పండుతో అలాంటిదే చేస్తారు. దాని పేరు "కార్నె దె మెంబ్రీయో". కార్నె అంటే మాంసం! పండు కండని మాంసం అంటారన్నమాట. శాకాహారి నేను మూడు నెలలు దాన్ని ముట్టలేదు.

తవణంపల్లె_తోట
శాకాహారం అంటే గుర్తొచ్చింది. మా ఇంటామె చేసే చెనిక్కాయ ఉండల్లో నెయ్యి పడుతుంది. యాప్ దానికి "మంతేకా" ఇచ్చింది.

మెక్సికో_మదనపల్లె
అయ్యో! మంతేకా అంటే ఇక్కడ పంది కొవ్వు అన్నా. అర్జెంటీనాలో అదే మాటకి వెన్న అని అర్థం. ఏ దేశానికో తెలియకుండా మాత్రం రాయకూడదు. నెయ్యికి "మంతెకీయా క్లారిఫికాదా", తేటపరచిన వెన్న. నేను ఇక్కడ బేకరీలో ఏది కొన్నా ముందు మంతేకా ఉందా అని అడుగుతా.

చెనిక్కాయకి మెక్సికోలో "కకావాతె", స్పెయిన్‌లో "కకావేతె". దక్షిణ అమెరికాలో "మనీ".

సంగటిముద్ద
మనీ! మా తాత ఏటేటా చెనిక్కాయ వేసి నష్టపోతా ఉండాడు. వాళ్ళ దేశంలో పుట్టుంటే పేరుకైనా మనీ పండించేవాడు.

అది సరే, మన చెనిక్కాయ కారం ఊరిబిండిని ఏమంటారక్కా?

మెక్సికో_మదనపల్లె
దానికి ఇంగ్లీషే లేదు, చట్నీ అంటే తీపి చట్నీ అనుకుంటారు. కానీ వెరక్రూజ్ ప్రాంతంలో "సాల్సా మాచా" అని ఒకటుంది. ఎండుమిర్చి, వేయించిన చెనిక్కాయ, నూనె. చింతపండు తప్ప మిగతాదంతా మన ఊరి వాసనే. సాల్సా అంటే ఇంగ్లీషువాళ్ళకి టమాటా నంజు ఒక్కటే, స్పానిష్‌లో సాస్ ఏదైనా సాల్సానే. కాబట్టి "సాల్సా దె కకావాతె ఇ చీలె" అని ధైర్యంగా రాయొచ్చు.

తవణంపల్లె_తోట
ఇప్పుడే ఏజెంటు ఫోన్ చేశాడు. బయ్యర్ మెక్సికో కాదు, స్పెయిన్ కాదు. కొలంబియా, బొగోతా.

సంగటిముద్ద
పోయింది. మళ్ళీ మొదటినుంచి.

మెక్సికో_మదనపల్లె
ఆగండి, మా ఆఫీసులో కొలంబియా అమ్మాయి ఒకామె ఉంది. రేపు భోజనాల దగ్గర పట్టిక చూపిస్తా.

మెక్సికో_మదనపల్లె
చూపించా. గంట సేపు నవ్వింది, ఆ తర్వాత చెప్పింది.

అన్నా, ముందు మీకు క్షమాపణ. బెల్లానికి పనేలానే రాయండి. కొలంబియాలో అదే మాట, వేరేది రాస్తే వింతగా ఉంటుంది. చెరుకు ఎక్కువ, పనేలా నీళ్ళలో కాచి రోజూ తాగుతారంట, మన పానకం వేడిగా తాగినట్టు. జ్యూస్ హూగోనే. చెనిక్కాయ మనీ. మిరపకాయ అహీ. ప్రిజర్వేటివ్స్‌కి "ప్రెసెర్వాంతెస్" అనీ కొన్‌సెర్వాంతెస్ అనీ రెండూ ఉన్నాయంట, ఆ ఇంకో మాట మాత్రం అక్కడా అదే అర్థం.

తాండ్రకి ఆమె కళ్ళు మెరిశాయి. "ఇది బొకదీయో!" అంది. జామపండు గుజ్జుతో బిళ్ళలు చేసి, బిహావో అనే ఆకులో చుట్టి అమ్ముతారంట. మీది "బొకదీయో దె మాంగో" అనొచ్చు.

వలెన్సియా_విజ్జి
బొకదీయో అంటే ఇక్కడ సాండ్‌విచ్ 😀 నేను రోజూ కాలేజీకి తీసుకెళ్ళేది అదే.

మెక్సికో_మదనపల్లె
ఇంకోటి. పచ్చి మామిడిని వాళ్ళు "మాంగో బీచె" అంటారు. వీధుల్లో సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసం చల్లి అమ్ముతారంట. మీ నిమ్మకాయ ఊరగాయకి "లిమోన్" చాలు, అక్కడ లిమోన్ అంటే మన ఆకుపచ్చ నిమ్మకాయే.

వలెన్సియా_విజ్జి
స్పెయిన్‌లో లిమోన్ అంటే పెద్ద పసుపు కాయ. మన నిమ్మకాయ "లీమా". అన్నకి అవసరం లేదు, ఊరికే చెప్పా.

రిటైర్డ్_మాష్టారు
ఉప్పు చల్లిన పచ్చి మామిడి అమ్మేవాళ్ళున్న ఊరికి ఆవకాయ పంపడం కష్టమేమీ కాదు. అనువాదంలో "ఆవకాయ" పేరు కూడా ఉంచు బాబూ. పిజ్జాని ఎవరూ అనువదించలేదు.

తవణంపల్లె_తోట
ఉంచా మాష్టారూ. పైన "ఆవకాయ", కింద "ఎన్‌కుర్తీదో పికాంతె దె మాంగో బీచె ఎన్ అసేయితె", అంటే నూనెలో ఊరిన కారపు పచ్చి మామిడి. ఎన్‌కుర్తీదో అంటే వెనిగర్ అనుకుంటారేమోనని నూనె మాట చేర్చమని అక్క చెప్పింది. గుజ్జుకి పుల్పా దె మాంగో తోతాపురి, 3.1 కిలోల టిన్ను. నెయ్యి ఉన్న ఉండలకి మంతెకీయా. పట్టిక నిన్న సాయంత్రం పంపేశా. బామ్మర్ది కూడా ఫోన్ ఎత్తాడు.

తవణంపల్లె_తోట
బయ్యర్ జవాబు వచ్చింది. మాటలన్నీ అర్థమయ్యాయంట. తాండ్ర, బెల్లం, ఆవకాయ శాంపిళ్ళు అడిగాడు. ఒక్క ప్రశ్న వేశాడు: పికాంతె అంటే ఎంత పికాంతె? కొలంబియాలో కారం తక్కువ తింటారంట కదా అక్కా, ఏం రాయమంటావ్?

మెక్సికో_మదనపల్లె
"మూయ్ పికాంతె" అని రాయండన్నా. మూయ్ అంటే చాలా.

సంగటిముద్ద
మూయ్ ఒకటి చాలదక్కా. రెండు పెట్టమను. గుంటూరు మిర్చి అయితే మూడు.